తాళం వినిపించకుండా 14 మంది ఒకేసారి ఎలా ఎగురుతారు? మెర్స్ కన్నింగ్‌హామ్ బృందం సంగతి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఆరేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటున్నారు. అమెరికాకు చెందిన మెర్స్ కన్నింగ్‌హామ్ డాన్స్ కంపెనీ వీడియోలు రెండు మూడు చూశారు. వెనక వినిపించే శబ్దానికీ నర్తకుల అడుగులకూ ఎక్కడా పొత్తు కుదరలేదు. అయినా అందరూ ఒకే క్షణంలో గాలిలోకి లేచారు, ఒకే క్షణంలో దిగారు. ఇందులో ఏదైనా లెక్క ఉందా, లేక ఎవరికి తోచింది వారు చేస్తున్నారా? అంత పేరున్న కంపెనీని 2011లో ఎందుకు మూసేశారు?

సూటిగా చెబుతాను. లెక్క ఉంది. అది పాటలో కాదు, ఆడేవాళ్ల ఒంట్లో ఉంది. ఆ కంపెనీలో నాట్యం వేరుగా, సంగీతం వేరుగా తయారవుతాయి. రెండూ కలిసి మొదలవుతాయి, కలిసి ముగుస్తాయి. మధ్యలో ఒకదానికొకటి ఏమీ బాకీ పడవు. అలాగని అది ఆశువుగా చేసేది కాదు. మెడ ఎటు తిరగాలో, పాదం ఎక్కడ పడాలో ముందే ఖాయమై ఉంటుంది. ఇక కంపెనీ దివాలా తీసి మూతపడలేదు. తన తర్వాత దాన్ని ఆపేయాలని దాన్ని పెట్టిన మనిషే బతికుండగా ఏర్పాటు చేసి వెళ్లారు.

నేను 28 ఏళ్లుగా కూచిపూడి చేస్తున్నాను, నట్టువాంగం చెబుతాను, అంటే చేతి తాళాలు వాయిస్తూ జతులనే లయ అక్షరాలు పలికి నాట్యాన్ని నడిపిస్తాను. 2000ల నడుమ న్యూజెర్సీలో ఉన్న రోజుల్లో, న్యూయార్క్‌లోని ఆ కంపెనీ స్టూడియోలో బయటివారికి పెట్టే క్లాసులకు ఏడాదిన్నర పాటు వెళ్లాను. కాబట్టి నాది లోపలి మనిషి మాట కాదు, గుమ్మం దాకా వెళ్లి తొంగిచూసిన మనిషి మాట. అలాగే చదువుకోండి.

ఆ స్టూడియో మాన్‌హాటన్‌లో వెస్ట్‌బెత్ అనే భవనం 11వ అంతస్తులో ఉండేది. ఒకప్పుడు అక్కడ బెల్ టెలిఫోన్ కంపెనీ ప్రయోగశాలలు ఉండేవట. 1971 నుంచి కన్నింగ్‌హామ్ బృందానికి అదే ఇల్లు. మొదటి రోజు నన్ను ఆశ్చర్యపరచింది ఏమిటంటే, క్లాసులో సంగీతం ఉంది! మూలన ఒకాయన కూర్చుని వాయిస్తున్నారు, టీచరు అంకెలు లెక్కపెడుతున్నారు. తాళం లేని చోటికి వచ్చాననుకున్నదాన్ని, అయిదులూ ఏడులూ వినిపిస్తుంటే లోపల ‘తకిట తకధిమి’ అనుకుంటూ హాయిగా చేసుకుపోయాను. లయలో నాకు ఏ చిక్కూ రాలేదు. చిక్కంతా వెన్నుతో వచ్చింది.

ఆ పద్ధతిలో వెన్నుకు అయిదు స్థితులు. నిటారుగా నిలవడం, ముందుకు వంపు, వెనక్కి వంపు, మెలిక, పక్కకు ఒరగడం. కాళ్లు ఒక పని చేస్తుంటే వెన్ను దానితో సంబంధం లేని ఇంకో పని చేయాలి. మనకు అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టుండే భంగిమలో, నడుము నిటారుగా ఉండటమే మర్యాద. పక్కకు వంగినా దాన్ని అందంగా చూపించడానికే వంగుతాం. వాళ్లకు వెన్నెముక మూడో కాలు లాంటిది, దానికీ పని చెప్పాల్సిందే. నా వెన్ను మూడు నెలల పాటు మాట వినలేదు.

తర్వాత ఒక వారం రోజుల వర్క్‌షాపులో పాత నాట్యాల్లోంచి చిన్న భాగాలు నేర్పారు. అసలు సంగతి అప్పుడు తెలిసింది. దాదాపు అరనిమిషం నడిచే ఒక భాగాన్ని అంకెలతో నేర్పించారు. రెండో రోజు అంకెలు ఆపేశారు. మూడో రోజు నేర్పే ఆవిడ చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. గదిలో నిశ్శబ్దం. మేము ఆడాము. ఆవిడ తల ఎత్తకుండానే “26 సెకన్లు. నాలుగు సెకన్లు తినేశారు, మళ్లీ” అన్నారు. మళ్లీ ఆడాము, 34 వచ్చింది. నాకు తలకొట్టేసినట్టయింది. అన్నేళ్లు లయ నాలో ఉందనుకున్నాను. నిజానికి అది నట్టువాంగం చేసేవారి తాళాల్లో ఉంది, మృదంగంలో ఉంది, నా కాలి గజ్జెల్లో ఉంది. ఆ మూడూ తీసేస్తే నా దగ్గర మిగిలింది తొందర ఒక్కటే.

ఇక మీరడిగిన అసలు మాటకు వస్తాను. సంగీతం సాయం లేకుండా అందరూ ఎలా కలుస్తారు? మొదటిది సాధన. ఒక నాట్యాన్ని నెలల తరబడి నిశ్శబ్దంలో, గడియారం ఎదుట చేస్తారు. అలా చేయగా చేయగా దాని నిడివి ఒంటికి పట్టేస్తుంది. పావుగంట నాట్యం ఒక రోజుకూ ఇంకో రోజుకూ కొద్ది సెకన్ల తేడాతో పూర్తవుతుంది. చాలాసార్లు కొత్త నాట్యానికి కట్టిన సంగీతాన్ని నర్తకులు మొదటి ప్రదర్శన రోజునే వినేవారు. అప్పటికి నాట్యం ఎంత గట్టిపడి ఉంటుందంటే, వెనక వీణ వాయించినా విమానం దిగినా అడుగు చెదరదు.

రెండోది చూపు, చెవి. ఒకసారి ఆ స్టూడియోలోనే జరిగిన ప్రదర్శన చూశాను. నేల మీద, నర్తకులకు నాలుగడుగుల దూరంలో కూర్చున్నాను. ముగ్గురు ఒకేసారి ఎగరాలి. మధ్యలో ఉన్న అమ్మాయి ఎగిరే ముందు ముక్కుతో చిన్నగా గాలి పీల్చింది, ‘హుఁ’ అని. మిగతా ఇద్దరూ ఆమెను చూడటం లేదు. ఒకరైతే పూర్తిగా వీపు తిప్పి ఉన్నారు. ఆ ఊపిరితోనే ముగ్గురూ లేచారు. దిగినప్పుడు ఆరు పాదాలూ నేల మీద ఒకే చప్పుడు చేశాయి. స్పీకర్లలోంచి మాత్రం ఎక్కడో ఇనుప రేకు ఈడ్చుతున్నట్టు ఏదో మోగుతూనే ఉంది. వేదిక దూరంగా ఉంటే ఆ ఊపిరి మనకు వినిపించదు. అందుకే వీడియోలో ఇదంతా ఇంద్రజాలంలా కనిపిస్తుంది.

ఆ రోజు కన్నింగ్‌హామ్ కూడా అక్కడే ఉన్నారు. 85 దాటిన మనిషి, నడవడం కష్టమై ఒక పక్కన కుర్చీలో కూర్చున్నారు. ప్రదర్శన జరిగినంతసేపూ రెప్ప వేయకుండా చూశారు. మెచ్చుకుంటున్నారో తప్పులు పడుతున్నారో ఆ ముఖం చూసి చెప్పలేకపోయాను.

ఇలా ఎందుకు మొదలుపెట్టారో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఆయన 1919లో వాషింగ్టన్ రాష్ట్రంలోని సెంట్రేలియాలో పుట్టారు. సియాటిల్‌లోని కార్నిష్ స్కూల్లో చదువుతున్నప్పుడు జాన్ కేజ్ అనే యువ సంగీతకారుడు పరిచయమయ్యారు. 1939లో న్యూయార్క్ వెళ్లి మార్తా గ్రహామ్ బృందంలో చేరారు, ఆరేళ్లు అక్కడ ఆడారు. గ్రహామ్ నాట్యం నిండా కథ, వేదన, పురాణ పాత్రలు. కన్నింగ్‌హామ్‌కు కథ చెప్పాలనిపించలేదు. కదలికకు వేరే అర్థం అతికించనక్కరలేదని, దానంతట అదే చాలని ఆయన నమ్మకం. 1944లో కేజ్‌తో కలిసి న్యూయార్క్‌లో సొంత కచేరీ ఇచ్చారు. ఇద్దరూ అప్పటి నుంచి 1992లో కేజ్ పోయేవరకూ పనిలోనూ జీవితంలోనూ విడిపోలేదు.

మన పాఠకులకు తెలియాల్సిన ముచ్చట ఒకటి ఇక్కడే ఉంది. అహమ్మదాబాద్‌కు చెందిన పఖావజ్ (మృదంగం లాంటి ఉత్తరాది వాద్యం) విద్వాంసురాలు గీతా సారాభాయ్ 1946లో న్యూయార్క్ వెళ్లారు. కేజ్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుని, బదులుగా ఆయనకు మన సంగీతం చెప్పారు. భారతీయ కళల గురించి రాసిన ఆనంద కుమారస్వామి రాతలు కూడా కేజ్ అప్పట్లోనే చదివారు. ఆ సహవాసంలోంచే నవరసాలు వాళ్ల చర్చల్లోకి వచ్చాయి. 1951లో కన్నింగ్‌హామ్ ‘సిక్స్‌టీన్ డాన్సెస్’ అనే నాట్యం చేశారు. దాని వస్తువు మన తొమ్మిది భావాలే. కోపం, హాస్యం, శోకం, వీరం, అన్నీ ఉన్నాయి. ఏ భావం తర్వాత ఏది రావాలన్నది మాత్రం నాణెం ఎగరేసి తేల్చారు! శాంతం ఒక్కటీ చివరకు వచ్చింది. మొదటిసారి ఇది చదివినప్పుడు మా గురువుగారు వింటే ఏమంటారో ఊహించుకుని నవ్వుకున్నాను. మనం స్థాయీభావం (నిలిచి ఉండే భావం) నుంచి సంచారీభావాలకు (వచ్చిపోయే భావాలకు) మెట్లు కట్టుకుని దిగుతాం. కన్నింగ్‌హామ్ ఆ మెట్లు తీసేసి నాణెం పెట్టారు. యాదృచ్ఛికతను ఆయన నాట్యంలోకి తెచ్చింది నవరసాల గుండానే. ‘మన దగ్గర్నుంచే కొట్టేశారు’ అని దీన్ని చదవకండి. తీసుకున్నది కొద్దిగా, చేసింది పూర్తిగా వేరు.

తర్వాత ఈ నాణేల పని ముదిరింది. కదలికలకు ఒక పట్టిక, నిడివికి ఒకటి, వేదిక మీద దిక్కుకు ఒకటి రాసుకుని ప్రతిదానికీ నాణెం వేసేవారు. 1953లో చేసిన ఒక సోలోలో చేతులకు వేరుగా, కాళ్లకు వేరుగా, మొండేనికి వేరుగా వేసి, వచ్చినవాటిని ఒకే ఒంటి మీద పేర్చారు. సాధన చేస్తూ చేస్తూ ఆయనే విసిగి ఆగిపోయారట. పియానో దగ్గరున్న డేవిడ్ ట్యూడర్, ఇది అసాధ్యమని తెలుస్తూనే ఉంది, అయినా చేసేద్దాం అన్నారని చెబుతారు. నాకు ఆ పద్ధతి లోపలి తర్కం ఇక్కడే అర్థమైంది. మనకు అలవాటైన అడుగు తర్వాత అలవాటైన అడుగే వస్తుంది. తీర్మానం (వరుసను ముగించే అడుగుల కూర్పు) తర్వాత కాలు ఎటు వెళ్తుందో నా కాలికే తెలుసు. ఆ అలవాటును తెంచడానికే నాణెం. పాచిక పడ్డాక మాత్రం ఆ కదలిక శిలాశాసనమే. వేదిక మీద ఎవరూ సొంతంగా ఏమీ కలపరు. చేసే ముందు యాదృచ్ఛికం, చేసేటప్పుడు కచ్చితం. ఈ తేడా పట్టుకుంటే సగం గందరగోళం పోతుంది.

ఈ ఆటను ప్రేక్షకుల ఎదుటికే తెచ్చిన నాట్యం 2003 నాటి ‘స్ప్లిట్ సైడ్స్’. నాట్యంలో రెండు భాగాలు, రెండు సంగీతాలు, రెండు తెరలు, రెండు జతల దుస్తులు, రెండు రకాల దీపాలు. ఏది ముందో ఏది వెనకో తేల్చడానికి ప్రదర్శనకు ముందు వేదిక మీదే పాచికలు వేసేవారు. లెక్క వేస్తే 32 రకాలుగా రావచ్చు. సంగీతం రేడియోహెడ్, సిగుర్ రోస్ అనే రాక్ బృందాలది. వాళ్లకోసం వచ్చిన కుర్రకారు కూడా హాల్లో కూర్చుని నాట్యం చూసింది.

కంపెనీగా ఇది పుట్టింది 1953 ఎండాకాలంలో, నార్త్ కరోలినాలోని బ్లాక్ మౌంటెన్ కాలేజీలో. తొలి జట్టులో కరోలిన్ బ్రౌన్, వయోలా ఫార్బర్, రెమీ చార్లిప్, తర్వాత సొంత కంపెనీతో పేరు తెచ్చుకున్న పాల్ టేలర్ ఉన్నారు. డబ్బు ఉండేది కాదు. ఒక ఫోక్స్‌వాగన్ వ్యానులో నర్తకులు, సంగీతకారులు, సామాను అంతా కుక్కుకుని ఊళ్లు తిరిగేవారు. ఆ వ్యాను కథ కూడా తమాషాగా ఉంటుంది. కేజ్‌కు పుట్టగొడుగుల పిచ్చి. 1959లో ఇటలీ టీవీలో ఒక క్విజ్ పోటీలో పుట్టగొడుగుల మీద ప్రశ్నలకు జవాబులు చెప్పి పెద్ద మొత్తం గెలిచారు. ఆ సొమ్ములోంచే వ్యాను వచ్చింది. మన సురభి వాళ్ల బళ్ల ప్రయాణాలు గుర్తొస్తాయి నాకు, పుట్టగొడుగుల సంగతి తప్ప.

1964లో ఆరు నెలల ప్రపంచయాత్ర చేశారు. పారిస్‌లో గుడ్లు, టమాటాలు విసిరారు. లండన్‌లో మాత్రం జనం ఎగబడ్డారు, ప్రదర్శనలు పొడిగించాల్సి వచ్చింది. సొంత దేశం వాళ్లు కూడా ఆ తర్వాతే కన్ను తెరిచారు. అదే యాత్రలో మన దేశానికీ వచ్చారు. అహమ్మదాబాద్‌లో సారాభాయ్ కుటుంబం ఆదరించింది, చండీగఢ్, ఢిల్లీల్లోనూ ఆడారు. వియన్నాలో ఒక మ్యూజియంలో సరైన వేదిక లేకపోతే, పాత నాట్యాల ముక్కలు కలిపి గుదిగుచ్చి ఆడారు. ‘ఈవెంట్’ అనే పద్ధతి అలా మొదలైంది. తర్వాత వ్యాయామశాలల్లో, సముద్రతీరాల్లో కూడా ఈవెంట్లు ఆడారు. స్టూడియోలో నేను చూసింది కూడా ఈవెంటే.

చిత్రకారుల గురించి చెప్పకపోతే తప్పవుతుంది. రాబర్ట్ రౌషెన్‌బర్గ్ పదేళ్లు తెరలు, దుస్తులు చేశారు. 1958 నాటి ‘సమ్మర్‌స్పేస్’లో తెర మీద రంగు చుక్కలు, నర్తకుల దుస్తుల మీదా అవే చుక్కలు. కదలకుండా నిలబడితే మనిషి తెరలో కలిసిపోతాడు. 1968లో ‘రెయిన్‌ఫారెస్ట్’కు ఆండీ వార్హోల్ వెండి దిండ్లు ఇచ్చారు. హీలియం నింపిన ఆ దిండ్లు వేదిక మీద వాటి ఇష్టం వచ్చినట్టు తేలుతూ నర్తకులకు అడ్డం పడేవి. తెర, దుస్తులు, సంగీతం, నాట్యం ఒకదానితో ఒకటి సంప్రదించుకోకుండా తయారై వేదిక మీదే మొదటిసారి కలుసుకుంటాయి. కల్యాణమండపంలో పెళ్లిచూపులన్నమాట. కొన్ని కాపురాలు బ్రహ్మాండంగా కుదిరాయి, కొన్ని కుదరలేదు.

కుదరనివాటి గురించి కూడా చెప్పాలి. ఈ కంపెనీని పొగిడేవాళ్లు ఆ మాట ఎత్తరు. కొన్ని ప్రదర్శనల్లో శబ్దం భరించలేనంతగా ఉండేది. ఒకసారి నేను చెవుల్లో దూది పెట్టుకున్నాను, అందుకు సిగ్గుపడటం లేదు. సంగీతానికి బాకీ లేదంటే సరే, ప్రేక్షకుడి చెవికి కూడా బాకీ లేదా? ఇంకొకటి, ముఖం. అభినయంతో పెరిగిన కంటికి గంటసేపు భావం పలకని ముఖాలు చూడటం ఉప్పులేని పప్పు తినడమే. అలవాటయ్యాక వెన్నులో, మెడ తిప్పే తీరులో వేరే రుచి తెలుస్తుంది. నాకు తెలియడానికి ఏడాది పట్టింది. అది అందరికీ తెలిసి తీరాలని నేను అనను.

70 దాటాక కన్నింగ్‌హామ్‌కు కీళ్లనొప్పులు వచ్చి చేసి చూపించడం కష్టమైంది. అప్పుడు కంప్యూటర్‌లో బొమ్మ మనిషిని కదిలించి అడుగులు కూర్చడం మొదలుపెట్టారు. 1991లో వచ్చిన ‘ట్రాకర్స్’ అలా పుట్టింది. 1999లో ‘బైపెడ్’లో నర్తకుల ముందు పల్చని తెర మీద కంప్యూటర్ గీసిన భారీ ఆకారాలు నడుస్తాయి. ఆయన నాట్యాల్లో నేను కన్నీళ్లు పెట్టుకున్నది అదొక్కటే. ఎందుకో చెప్పలేను, అందులో కథేమీ లేదు.

ఇక మూసివేత. 2009 ఏప్రిల్ 16న, 90వ పుట్టినరోజున, బ్రూక్లిన్‌లో ‘నియర్లీ నైంటీ’ అనే కొత్త నాట్యం వేశారు. జూన్‌లో ఏర్పాటు ప్రకటించారు. తాను పోయాక కంపెనీ రెండేళ్లు ప్రపంచమంతా తిరగాలి, తర్వాత ఆగిపోవాలి. నర్తకులకూ సిబ్బందికీ పరిహారం ఇవ్వాలి, నాట్యాల హక్కులు ఒక ట్రస్టు చూసుకోవాలి, వీడియోలు, రాతలు, దుస్తుల వివరాలు భద్రపరచాలి. జులై 26న ఆయన పోయారు. చెప్పినట్టే జరిగింది. 2011 డిసెంబరు 31 రాత్రి న్యూయార్క్‌లోని పార్క్ అవెన్యూ ఆర్మరీలో మూడు వేదికల మీద 14 మంది చివరిసారి ఆడారు. టికెట్టు 10 డాలర్లే. నేను అప్పటికి హైదరాబాద్ వచ్చేశాను, చూడలేకపోయాను.

ఎందుకలా అంటే, నా అంచనా చెబుతాను. మార్తా గ్రహామ్ 1991లో పోయాక ఆమె నాట్యాలు ఎవరివన్న వివాదం కోర్టుకెక్కింది, మధ్యలో ఆ కంపెనీ ప్రదర్శనలే ఆగిపోయాయి. తర్వాత కోలుకుని ఇప్పటికీ నడుస్తోందనుకోండి. ఆ బృందంలో ఆడిన మనిషికి ఆ గొడవ కనిపించకుండా ఉంటుందా? అంతకన్నా పెద్ద కారణం పైన చెప్పిన స్టాప్‌వాచ్ సంగతే. లయ పాటలో ఉంటే, పాట ఉన్నంతకాలం నాట్యాన్ని మళ్లీ నిలబెట్టవచ్చు. కూచిపూడి గురువు వెంపటి చినసత్యం గారి నృత్యనాటకాలను ఆయన పోయాక కూడా శిష్యులు ఆడుతూనే ఉన్నారు. సాహిత్యం, రాగం, జతి పట్టుకుని నడిపిస్తాయి. కన్నింగ్‌హామ్ నాట్యంలో లయ ఆయన ఎదుట ఏళ్ల తరబడి పనిచేసిన ఒళ్లల్లో ఉంది. ఇప్పుడు ట్రస్టు అనుమతితో వేరే కంపెనీలు, కాలేజీలు ఆ నాట్యాలు వేస్తున్నాయి. పాత నర్తకులు వెళ్లి నేర్పుతారు. నేను చూసిన వీడియోల్లో అడుగులన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ ‘హుఁ’ మాత్రం దొరకలేదు. వీడియోలో అది వినపడదని నేనే పైన రాశాను కదా, కాబట్టి ఈ మాటకు అంత విలువ ఇవ్వకండి.

చూడాలనుకుంటే ‘బీచ్ బర్డ్స్’తో మొదలుపెట్టండి. తెల్లని దుస్తులు, చేతులకు నల్లని తొడుగులు, తీరంలో పక్షుల గుంపులా ఉంటారు. సంగీతం కేజ్‌దే, సున్నితంగా ఉంటుంది. దాని తర్వాత ‘సమ్మర్‌స్పేస్’, తర్వాత ‘బైపెడ్’. ‘వింటర్‌బ్రాంచ్’ జోలికి ఇప్పుడే వెళ్లకండి. చీకట్లో పడిపోయే మనుషులు, చెవులు చిల్లులు పడే శబ్దం.

ఇక ‘దీని వల్ల నా కూచిపూడికి ఏమైనా పనికొస్తుందా’ అని చివర్లో అడిగారు. నేను నా విద్యార్థినుల చేత చేయించేది చెబుతాను, మీరూ చేసి చూడండి. బాగా వచ్చిన ఒక జతి తీసుకోండి. తాళాలతో ఒకసారి ఆడి ఎంతసేపు పట్టిందో చూసుకోండి. మా దగ్గర ఒకటి 42 సెకన్లు. తర్వాత గజ్జెలు విప్పి, సొల్లుకట్టు (జతి అక్షరాలు పలకడం) లేకుండా, పెదవులు కూడా కదపకుండా ఆడండి. ఫోనులో సమయం ఇంకొకరు చూడాలి. మొదటిసారి మా పిల్లలు ఒక్కొక్కరుగా ఆడితే ఒకరికి 35, ఒకరికి 38, ఎప్పుడూ తాళం తప్పని అమ్మాయికి 33! నలుగురినీ కలిపి ఆడిస్తే ముక్తాయింపు దగ్గర నలుగురూ నాలుగు చోట్ల ఉన్నారు. రెండు నెలలు వారానికోసారి చేయించాను. ఇప్పుడు 41కీ 43కీ మధ్య వస్తోంది. చివరి తీర్మానానికి ముందు నలుగురూ కలిసి ఊపిరి పీల్చడం నాకు గోడ దగ్గరికి వినిపిస్తోంది. అలా చేయమని వాళ్లకు నేను చెప్పలేదు.

ఒక్క జాగ్రత్త. మీ గురువుగారిని అడిగి చేయండి. మా గురువుగారికి ఈ సంగతి చెబితే కాసేపు నా వైపు చూసి, “తాళాలు వద్దంటే నట్టువాంగం చేసేవాళ్లకు భోజనం ఎవరు పెడతారమ్మా?” అన్నారు.